కరోనా కాలపు ఆన్‌లైన్ చదువు: సరిహద్దు ఊళ్ల కుర్రకారుకి అసలేం జరిగింది?

కరోనా రోజుల్లో ఆన్‌లైన్ చదువు గురించి ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి వైపు ఎవర్ని కదిపినా రెండే మాటలు వినిపిస్తాయి. కుర్రాళ్లయితే "సిగ్నల్ లేదండీ, ఇంకేం చదువుతాం" అంటారు, పెద్దవాళ్లయితే "ఆ ఫోను చేతికిచ్చాం, అక్కడితో పిల్లలు పాడైపోయారు" అంటారు. రెండింట్లోనూ నిజముంది. కానీ పద్దెనిమిది నుంచి పాతికేళ్ల లోపు వయసువాళ్ల మనసుకి ఆ రెండేళ్లలో ఏమైందో ఈ రెండు మాటలతో తేలదు. బరంపురంలో సిగ్నల్ బాగున్న ఇళ్లలో, వైఫై ఉన్న ఇళ్లలో కూడా పిల్లలు కుంగిపోయారు. ఫోనంటే పెద్దగా ఇష్టం లేనివాళ్లూ కుంగిపోయారు. నాలుగైదు వేర్వేరు సమస్యలు ఒకేసారి వచ్చి ఒకదానికొకటి చుట్టుకుపోవడంతో మనం అన్నింటికీ కలిపి "ఆన్‌లైన్ క్లాసులు" అని ఒకే పేరు పెట్టేశాం. వాటిని విడదీసి చూస్తేనే ఏది తగ్గిందో, ఏది ఇప్పటికీ మిగిలి ఉందో తెలుస్తుంది.

ఎవరి గురించి మాట్లాడుతున్నానో ముందే చెప్పాలి. ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలు వీళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో చాలామందికి ఒడియా, ప్లస్ టూ దాటితే ఇంగ్లీషు. పెద్ద చదువుకి కొందరు బరంపురం, భువనేశ్వర్ పోతారు, కొందరు హద్దు దాటి టెక్కలి, శ్రీకాకుళం, విశాఖ వెళ్తారు. మామూలు రోజుల్లో మాకు రాష్ట్రాల హద్దు పట్టింపే ఉండదు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం అంటే పక్కవీధికి వెళ్లొచ్చినట్టే, ఇచ్ఛాపురం వాళ్లు ఆస్పత్రికి బరంపురం వస్తారు, పెళ్లి సంబంధాలు అటూ ఇటూ కలుస్తూనే ఉంటాయి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి ఆ హద్దు నిజంగానే అడ్డుగోడైంది. చెక్‌పోస్టులు పడ్డాయి, రైళ్లు ఆగిపోయాయి, హాస్టళ్లు ఖాళీ చేయించారు. పుస్తకాలు, బట్టలు విశాఖ గదిలోనే వదిలేసి ఒక్క బ్యాగుతో ఇల్లు చేరినవాళ్లు ఎందరో. అప్పట్లో అందరూ పది పదిహేను రోజుల్లో మళ్లీ వెళ్లిపోతామనే అనుకున్నారు.

అలా జరగలేదు. ఒడిశాలో 2021 జనవరిలో చివరి ఏడాది వాళ్లకి తలుపులు తీశారు, ఏప్రిల్‌లో రెండో అల రాగానే మళ్లీ మూసేశారు, మే 5 నుంచి రాష్ట్రమంతా లాక్‌డౌన్. హద్దుకి అటువైపు ఆంధ్రలో ఇంకో క్యాలెండరు, ఇంకో రకం నోటీసులు. ఇంట్లో అన్న ఆంధ్ర కాలేజీలో, చెల్లి ఒడిశా కాలేజీలో చదువుతుంటే ఇద్దరి పరీక్షల గురించీ రోజుకో వార్త. డిగ్రీ చివరి ఏడాది పరీక్షలు సెప్టెంబరు నెలాఖరుకి పెట్టాలని యూజీసీ 2020 జులైలో చెప్పింది, దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్లారు, ఆగస్టు 28న పరీక్షలు పెట్టాల్సిందేనని కోర్టు తేల్చింది. ఈ మధ్యలో పిల్లలు చదవాలా వద్దా తెలియక నెలలు గడిపారు. మరుసటి ఏడాది జూన్‌లో ఒడిశాలో ప్లస్ టూ పరీక్షలు, ఆంధ్రలో ఇంటర్ పరీక్షలు రెండూ రద్దయ్యాయి. పైకి అందరూ హమ్మయ్య అనుకున్నట్టే కనిపించింది కానీ, ఏడాదంతా కూర్చుని చదివిన పిల్ల "నేను ఎంత చదివానో ఇక ఎవరికీ తెలీదు కదా" అని ఏడ్చిందంటే ఆ ఏడుపు అర్థం చేసుకోదగిందే. చెడ్డ వార్త వస్తే మనిషి ఏదోలా తట్టుకుంటాడు, ఏ వార్త వస్తుందో తెలియకుండా నెలల తరబడి కూర్చోబెడితే మాత్రం ఆందోళన పెరుగుతుంది. ఇది ఆన్‌లైన్ క్లాసు వల్ల వచ్చిన బాధ కాదు, నిర్ణయాలు ఆలస్యమై వచ్చిన బాధ. దీన్ని విడిగా చూడాలి.

ఇక సిగ్నల్ సంగతి. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లె ఇళ్లలో ఇంటర్నెట్ అందుబాటు ఉన్నవి నూటికి 15 మాత్రమే, కంప్యూటర్ ఉన్నవి నూటికి 4. ఆ తర్వాత జియో ఫోన్లు, చవక డేటా పల్లెలకీ పాకి కొంత మారింది, నిజమే. కానీ రాయగడ, గజపతి కొండ ఊళ్లలో టవరే లేకపోతే చవక డేటా ఏం చేస్తుంది? 2021 ఆగస్టులో రాయగడ జిల్లాలో పదమూడేళ్ల అబ్బాయి ఆన్‌లైన్ క్లాసు కోసం సిగ్నల్ దొరుకుతుందని కొండెక్కి, జారిపడి చనిపోయాడు. ఆ వార్త చదివినప్పుడు మా ప్రాంతంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు, అదే ఎక్కువ బాధపెట్టే విషయం, ఎందుకంటే పిల్లలు కొండెక్కడం, వాటర్ ట్యాంకు ఎక్కడం అప్పటికి రోజూ చూస్తున్నదే. ఆ మరుసటి నెల 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది, దాంతో మా వైపు కరెంటు కూడా పోయింది.

ఇంత వరకూ అందరికీ తెలిసిందే. ఈ సాంకేతిక సమస్య మనసు సమస్యగా ఎలా మారిందన్నది తక్కువ మంది మాట్లాడారు. ఒక డిగ్రీ అమ్మాయి పొద్దుటిపూట ఎలా గడిచేదో చూడండి. ఇంట్లో ఉన్నది ఒకే స్మార్ట్‌ఫోను, అది నాన్నది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు. తొమ్మిదింటి క్లాసుకి డాబా మీదికెళ్తుంది, ఎండకి స్క్రీను కనిపించదు కాబట్టి చున్నీ తల మీద కప్పుకుని దాని కింద ఫోను పెట్టుకుంటుంది. హాజరు పిలుస్తుంటారు. తన నంబరు దగ్గరికొచ్చేసరికి గుండ్రంగా తిరిగే ఆ గుర్తు వచ్చి ఆగిపోతుంది. మళ్లీ లోపలికి వెళ్లేసరికి ఆబ్సెంట్. "సార్, ఉన్నాను సార్" అని టైప్ చేస్తే ఆయన చూడరు. మూడో క్లాసుకి డేటా అయిపోతుంది, నాన్నకి ఫోను కావాలి. ఇలా ఒకరోజు జరిగితే విసుగొస్తుంది. నెలల తరబడి జరిగితే "నేనెంత ప్రయత్నించినా ఒకటే, మానేసినా ఒకటే" అనే నమ్మకం లోపల నాటుకుపోతుంది. మన ప్రయత్నానికీ ఫలితానికీ సంబంధం తెగిపోయిందని తోచినప్పుడు మనిషి ప్రయత్నించడమే మానేస్తాడని మనస్తత్వ శాస్త్రంలో దశాబ్దాలుగా చెబుతున్నదే. బయటివాళ్లకి మాత్రం అది బద్ధకంలా కనిపిస్తుంది. "క్లాసులు పెడుతుంటే వినట్లేదండీ" అని మేస్టార్లు, "ఫోన్లోనే ఉంటుంది, మార్కులు మాత్రం రావు" అని ఇంట్లోవాళ్లు. ఆ పిల్ల తనూ అదే నమ్మడం మొదలుపెడుతుంది.

సిగ్నల్ బాగున్నవాళ్ల సంగతేంటి? వాళ్లకి వేరే అలసట. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021 ఫిబ్రవరిలో దీని మీద ఒక వ్యాసం రాశారు. వీడియో కాల్‌లో మనిషి ఎందుకు అంత త్వరగా అలసిపోతాడంటే, అందరి ముఖాలూ మామూలుకన్నా దగ్గరగా ఎదురుగా ఉండటం, రోజంతా మన ముఖం మనకే కనిపిస్తూ ఉండటం, ఒకే చోట కదలకుండా కూర్చోవడం, ఎదుటివాళ్ల సైగలు, ముఖ కవళికలు అర్థం చేసుకోడానికి మెదడు అదనంగా పనిచేయాల్సి రావడం, ఈ నాలుగూ కారణాలని ఆయన వాదన. మన దగ్గర దీనికి తోడు ఇంకొకటుంది, ఆయన వ్యాసంలో లేనిది. కెమెరా ఆన్ చేస్తే ఇల్లు కనిపిస్తుంది. సిమెంటు రేకుల కప్పు, మంచం మీద మూలుగుతున్న తాతయ్య, వెనకాల అమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు, "ఒరే, పాలోడొచ్చాడు" అని కేక. కాలేజీలో ఉతికిన చొక్కా వేసుకుని వెళ్తే ఎవరి ఇల్లు ఎలాంటిదో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఆ తెర తొలగిపోయింది. కాబట్టి కెమెరా ఆఫ్, మైకు ఆఫ్. రెండూ ఆపేశాక మిగిలేది నల్ల డబ్బాలో ఒక అక్షరం. ఏడాదిన్నర పాటు తోటివాళ్లకి అక్షరంగానే కనిపించినవాడికి తను లెక్కలోకి రాని మనిషిననిపించడం సహజం.

నా దృష్టిలో అసలు నష్టం దీనికీ అవతల ఉంది, దీన్నే మనం బొత్తిగా పట్టించుకోలేదు.

ఒంటరితనం అనగానే ఎవరూ లేకపోవడం అనుకుంటాం. అమెరికన్ సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లోనే ఒంటరితనం రెండు రకాలని చెప్పాడు. మనసు విప్పి చెప్పుకోడానికి ఒక దగ్గరి మనిషి లేకపోవడం ఒకటి. నలుగురిలో ఒకడిగా మసలే బృందం లేకపోవడం రెండోది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది తీరదు. అమ్మ, నాన్న, నానమ్మ, పిన్ని, పిల్లలు అందరితో ఇల్లు కిటకిటలాడుతున్నా కుర్రాడు ఒంటరిగా అనిపిస్తోందంటే పెద్దవాళ్లకి అర్థం కాలేదు. "ఇంతమందిమి ఉండగా నీకు ఒంటరేటిరా?" అన్నారు. వాళ్లు తప్పుగా అనలేదు, వాళ్లకి తెలిసింది మొదటి రకమే. పిల్లలకి లేకుండా పోయింది రెండోది.

ఆ రెండో దాంట్లో ప్రాణస్నేహితులు మాత్రమే ఉండరు. ప్రాణస్నేహితుడైతే లాక్‌డౌన్‌లోనూ ఫోన్ చేశాడు, గంటలు మాట్లాడాడు. సగం తెలిసినవాళ్లు పోయారు. రోజూ ఒకే బల్ల మీద కూర్చునే, పేరు తెలుసుగానీ ఊరు తెలియని అబ్బాయి. క్యాంటీన్లో చిల్లర లేదంటే "రేపివ్వమ్మా" అనే ఆయన. లైబ్రరీలో పుస్తకం దాచిపెట్టే అన్న. గుణుపురం నుంచి విశాఖ వెళ్లే పాసింజరు రైలు సంగతే తీసుకోండి, పర్లాకిమిడిలో ఎక్కి టెక్కలిలో దిగే కాలేజీ పిల్లలకి అదొక ప్రపంచం, ఒకే పెట్టెలో రోజూ కలిసేవాళ్లు, ఒకరి రికార్డు బుక్ ఇంకొకరు పూర్తిచేసేవాళ్లు, సీట్లో రుమాలు వేసి ఉంచేవాళ్లు. వాళ్లలో చాలామంది ఒకరి నంబరు ఒకరి దగ్గర లేదు, ఎందుకంటే రేపు మళ్లీ కలుస్తాం కదా. రైలు ఆగిపోయాక వాళ్లు ఎక్కడున్నారో కనుక్కునే దారే లేదు.

ఇలాంటి పరిచయాలు పైపైవే కదా, పోతే ఏమైంది అనిపించవచ్చు. జిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, తరగతిలో ఎక్కువమంది తోటివాళ్లతో మాట కలిసిన రోజున విద్యార్థులు ఎక్కువ సంతోషంగా ఉన్నారని, తాము ఆ చోటికి చెందినవాళ్లమన్న భావన కూడా ఎక్కువగా ఉందని తేలింది. పైపై పరిచయాలకి కూడా మనసుని నిలబెట్టే బలం ఉంది. ఆ బలాన్ని ఆన్‌లైన్ క్లాసు ఇవ్వలేదు, ఎందుకంటే అక్కడ అనుకోకుండా ఎవరూ తారసపడరు. సార్ మాట్లాడతారు, మీటింగు ఎండ్ చేస్తారు, స్క్రీను మామూలైపోతుంది. క్లాసు అయ్యాక వరండాలో నడిచే ఆ పది నిమిషాలు ఏ యాప్‌లోనూ లేవు.

మా సరిహద్దు పిల్లలకి దీనివల్ల చదువు పరంగా కూడా ఒక ప్రత్యేకమైన దెబ్బ తగిలింది. ఒడియా మీడియంలో పన్నెండో తరగతి దాకా చదివి, ఆంధ్రలో ఇంగ్లీషులో చెప్పే ఇంజనీరింగ్‌కి వెళ్లినవాడు మొదటి ఏడాది ఎలా గట్టెక్కుతాడు? పక్కన కూర్చున్న కుర్రాడు చెవిలో తెలుగులో చెబుతాడు. హాస్టల్లో సీనియర్ రాత్రిపూట మళ్లీ మొత్తం విప్పి చెబుతాడు. బరంపురం కాలేజీలో ఒడియా రాయడం అంతగా రాని తెలుగు పిల్లకి తోటి ఒడియా పిల్ల దరఖాస్తు రాసిపెడుతుంది. ఏ సిలబస్‌లోనూ లేని ఈ సాయం మీదే మా ప్రాంతంలో సగం చదువులు నడుస్తాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, పిల్లవాడికి అర్థమయ్యే మాటలోనే చదువు చెప్పాలని, సవర గిరిజనుల పిల్లలకి వాళ్ల సవర భాషలోనే చెప్పాలని ఆయన పట్టుబట్టింది ఇక్కడే. ఆ పని ఇన్నాళ్లూ బడి చేసినా చేయకపోయినా పక్క బెంచీవాడు చేశాడు. ఆన్‌లైన్‌లో పక్క బెంచీ లేదు. అర్థం కాకపోతే అడగాలంటే అందరి ముందూ, ఇంగ్లీషులో, మైకు ఆన్ చేసి అడగాలి. ఎవరడుగుతారు?

ఇంకో పొర ఇంటి లోపలిది. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల వయసుని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జెఫ్రీ ఆర్నెట్ 2000లో ఒక ప్రత్యేక దశగా గుర్తించాడు, పిల్లలూ కాదు, పూర్తిగా పెద్దవాళ్లూ కాదు, తానెవరో ఏమవ్వాలో ప్రయత్నించి చూసుకునే వయసు. ఆ ప్రయత్నం ఇంటి బయటే జరుగుతుంది. మా ఊళ్లలో కాలేజీకి వెళ్లడమంటే చదువు ఒక్కటే కాదు, ఇంట్లో "చిన్నోడు"గా ఉన్నవాడు బయట తన పేరుతో బతకడం కూడా. హాస్టల్లో సొంతంగా ఖర్చు రాసుకున్నవాడు, ఎవరితో స్నేహం చేయాలో తానే తేల్చుకున్నవాడు, తిరిగొచ్చి ఒకే గదిలో నలుగురి మధ్య పడుకుని ప్రతి ఫోన్ కాల్‌కీ "ఎవరది?" అనే ప్రశ్నకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. చూడ్డానికి చిన్న విషయమే, ఆ వయసులో మాత్రం ఊపిరాడనివ్వదు.

అదే ఇంట్లో ఆదాయం కూడా పడిపోయింది. గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాల మీద పనికి వెళ్లినవాళ్లు 2020 మే నెలలో వేల సంఖ్యలో వెనక్కొచ్చారు, ఆ తర్వాత జిల్లాలో కేసులు కూడా బాగా పెరిగాయి. నాన్నకి పని లేదు, అమ్మ సంఘంలో తీసుకున్న అప్పు వాయిదా ఉంది, ఇటు కాలేజీ మాత్రం ఫీజు కట్టమంటోంది, హాస్టల్లో లేకపోయినా. ఈ పరిస్థితిలో కొత్త ఫోను కొనమని అడగడానికి నోరు రావాలి కదా. తాను ఇంటికి భారమయ్యానన్న భావన యువతలో ఎంత ప్రమాదకరమో 2020 నవంబరులో షాద్‌నగర్ అమ్మాయి విషయంలో తెలుగువాళ్లందరం చూశాం. ఢిల్లీలో గణితం చదువుతూ లాక్‌డౌన్‌కి ఇంటికొచ్చిన ఆ బిడ్డ, చదువు ఖర్చు కుటుంబానికి భారమవుతోందన్న వేదనతో ప్రాణం తీసుకుంది. ఆమెకి చదువు రాక కాదు, ర్యాంకు తెచ్చుకున్న పిల్ల. ఈ విషయం రాయడానికి ఇప్పటికీ చేయి బరువుగానే ఉంది.

ఆడపిల్లల సంగతి ఇంకా వేరు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు నూటికి 57 మంది అయితే ఆడవాళ్లు 33 మందే. ఇంట్లో ఒకే ఫోనుంటే ముందు తమ్ముడికి, తర్వాత అక్కకి. ఇంట్లోనే ఉంది కాబట్టి వంట, గిన్నెలు, ముసలివాళ్ల సేవ ఆమె మీద పడ్డాయి, క్లాసు నడుస్తుండగానే. ఇంట్లోనే ఉంది కాబట్టి సంబంధాలు చూడటం కూడా మొదలైంది, పైగా యాభైమందితో పెళ్లయిపోతే ఖర్చు తక్కువని. కాలేజీ గేటు ఆమెకి చదువుతో పాటు ఒక గడువు కూడా ఇచ్చేది, "డిగ్రీ అయ్యేదాకా ఆగండి" అనే గడువు. గేటు మూసేసరికి ఆ గడువుకి ఉన్న బలం పోయింది.

ఇక రెండో అల. దాని గురించి ఎక్కువ రాయలేను. 2021 ఏప్రిల్, మే నెలల్లో చావు లేని వీధి లేదు. బంధువు పోయినా వెళ్లి చూడ్డానికి లేదు, పదో రోజుకి నలుగురు కలవడానికి లేదు. పొద్దున్న వాట్సాప్‌లో "ఓం శాంతి" పెట్టి పదింటికి క్లాసులో హాజరు చెప్పిన పిల్లలు ఉన్నారు. అలాంటి రోజుల్లో పాఠం బుర్రకెక్కకపోతే అది ఆన్‌లైన్ తప్పూ కాదు, పిల్లల తప్పూ కాదు.

మరి ఫోను? పెద్దవాళ్ల ఫిర్యాదుని కొట్టిపారేయకూడదు. రాత్రి రెండింటి దాకా ఆటలు, రీల్స్, పొద్దున పదింటికి నిద్రలేవడం, అదే మంచం మీద క్లాసు, అదే మంచం మీద భోజనం, అదే మంచం మీద నిద్ర. పడక నిద్రకి మాత్రమే అన్న గుర్తు మెదడుకి పోతే నిద్ర పట్టడం కష్టమవుతుంది, నిద్ర చెడితే దిగులు పెరుగుతుంది, దిగులు పెరిగితే మళ్లీ ఫోనే దిక్కు. కానీ ఈ చక్రంలో ఫోను ఎక్కడ మొదలైందో చూడాలి. ఇంట్లో తనకంటూ ఒక మూల కూడా లేనివాడికి అర్ధరాత్రి, అందరూ పడుకున్నాక, ఆ రెండు గంటలే తనవి. ఫోను లాక్కుంటే ఆ రెండు గంటలు పోతాయి, దిగులు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఫోను లాగేసుకున్న చాలా ఇళ్లలో సమస్య తగ్గలేదు, గొడవలు పెరిగాయి.

లెక్కలు ఏం చెబుతున్నాయి? కరోనా మొదటి ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. 2021 అక్టోబరులో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో పెద్ద వయసువాళ్లకన్నా యువతకి, మగవాళ్లకన్నా ఆడవాళ్లకి ఎక్కువ దెబ్బ తగిలిందని తేలింది. మన దేశంలో విద్యార్థుల ఆత్మహత్యలు జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2019లో 10,335, 2020లో 12,526, 2021లో 13,089. ఒక్క ఏడాదిలో 21 శాతం పెరుగుదల చూసి "ఆన్‌లైన్ చదువే చంపేసింది" అని రాసినవాళ్లున్నారు. అంత తొందరగా తేల్చేయలేం. 2022లో కాలేజీలన్నీ తెరిచాక కూడా ఆ సంఖ్య 13,044 దగ్గరే ఉంది. అంటే స్క్రీను ఒక్కటే కారణమైతే గేట్లు తెరిచాక తగ్గాలి కదా, తగ్గలేదు. పోటీ పరీక్షలు, అప్పులు, ఇంటి పరిస్థితి, చెప్పుకోడానికి మనిషి లేకపోవడం, ఇవన్నీ కరోనాకి ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. కరోనా వాటన్నింటినీ ఒకే గదిలోకి తెచ్చి పడేసింది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆన్‌లైన్ వల్ల నిజంగా ఊరట పొందినవాళ్లు ఉన్నారు. నత్తి ఉన్నవాడు చాట్‌లో ధైర్యంగా ప్రశ్న టైప్ చేశాడు. యాస పట్టుకుని ఏడిపించే బ్యాచ్ బాధ తప్పిందని చెప్పిన అమ్మాయి నాకు తెలుసు. నడవలేని పిల్లకి మెట్లెక్కే బాధ తప్పింది. హాస్టల్ ఫీజు మిగిలిన ఇళ్లున్నాయి. పాఠం రికార్డు చేసిపెడితే మూడుసార్లు విని అర్థం చేసుకున్నవాళ్లున్నారు, పరాయి భాషలో చదివేవాడికి అది చాలా పెద్ద సాయం. గేట్లు తెరవగానే ఆ రికార్డింగులన్నీ ఆపేయడం మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాని నిర్ణయం.

తెరిచాక ఏమైందనేది ఇంకో కథ. 2020లో డిగ్రీలో చేరినవాళ్లు కాలేజీని సరిగ్గా చూసేసరికి చదువు సగం దాటిపోయింది. మూడు గంటలు కూర్చుని చేత్తో రాయడం మర్చిపోయిన చేతులు, ఆన్‌లైన్‌లో ముఖం చూడని స్నేహితుణ్ణి డీపీని బట్టి గుర్తుపట్టే ప్రయత్నాలు, గ్రూపు డిస్కషన్ అంటే చెమటలు. ల్యాబులో పరికరం ముట్టుకోకుండానే రెండు సెమిస్టర్ల ప్రాక్టికల్స్ పాసైనవాళ్లకి ఇంటర్వ్యూలో "కరోనా బ్యాచా?" అనే ప్రశ్న ఎదురైంది. తమ ప్రమేయం లేనిదానికి జీవితాంతం సంజాయిషీ చెప్పుకోవాలా అని అడిగే ఆ కుర్రాళ్ల కోపం న్యాయమైనదే. వాళ్ల మార్కుల మెమో నిజమైనదే, వాళ్లు దాటొచ్చింది మామూలు డిగ్రీ కన్నా కష్టమైనదే.

ఇప్పుడు వాళ్లకి పాతిక దగ్గర పడింది లేదా దాటింది. కొందరు కుదురుకున్నారు. కుదురుకోనివాళ్లని ఎలా గుర్తుపట్టాలి? రెండు వారాలకు పైగా రోజూ దిగులుగా ఉండటం, నిద్ర, ఆకలి బాగా మారిపోవడం, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోవడం, స్నేహితుల ఫోన్లు ఎత్తకపోవడం, "నేను లేకపోతే మీకే నయం" లాంటి మాటలు. చివరిది విన్నప్పుడు బెదిరిస్తున్నాడని కొట్టిపారేయకండి, తిట్టకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగొచ్చు, అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. టెలీ మానస్ అని 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. భాష ఎంచుకోవచ్చు, తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. ఒడిశాలో ఉంటున్నాం కాబట్టి ఒడియాలోనే చెప్పుకోవాలేమో అని ఆగిపోయినవాళ్లు మా వైపు ఉన్నారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. ప్రమాదం వెంటనే ఉందనిపిస్తే ఫోనుతో ఆగకుండా దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

కౌన్సెలింగ్ ఒక్కటే మందు అనుకోవడం కూడా నాకు నచ్చదు. పోయింది నలుగురిలో కలిసే చోటు అయినప్పుడు, దాన్ని తిరిగి కట్టాల్సింది ఊరే. కాలేజీలు చేయగలిగినవి ఖర్చులేనివి చాలా ఉన్నాయి. మొదటి ఏడాది పిల్లల్ని రకరకాల ఊళ్లవాళ్లు, భాషలవాళ్లు కలిసేలా చిన్న జట్లుగా కూర్చోబెట్టడం, సీనియర్ల చేత సాయంత్రం ఓ గంట తెలుగులో, ఒడియాలో, సవరలో పాఠం మళ్లీ చెప్పించి దానికి సర్టిఫికెట్ ఇవ్వడం, క్లాసుల రికార్డింగులు ఆపకుండా ఉంచడం, క్లాసు అవ్వగానే గదులకి తాళం వేయకుండా ఇంకో గంట తెరిచి ఉంచడం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ లాంటి ఊళ్లలో సాయంత్రం పూట కుర్రాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, డబ్బు ఖర్చు లేకుండా కూర్చుని చదువుకునే గదులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మూతపడ్డ గ్రంథాలయాలు తెరిపించమని మున్సిపాలిటీని అడగడం మనసు ఆరోగ్యం గురించి అడగడమే.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. "ఉద్యోగం ఏమైంది?" అని రోజూ అడిగే బదులు, ఆ రెండేళ్లు ఎలా గడిచాయో ఒక్కసారైనా అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. మా పక్కింటి అబ్బాయి వాళ్ల అమ్మ ఒకరోజు వంట చేస్తూ మామూలుగా అడిగింది, "అప్పుడు డాబా మీద ఒక్కడివే అంతసేపు ఏం చేసేవాడివిరా?" అని. వాడు జవాబు చెప్పడం మొదలుపెడితే అన్నం మాడిపోయింది, ఆమె లేవలేదు. ఆ తర్వాతి వారం వాడే అడిగి బరంపురం డాక్టరు దగ్గరికి వెళ్లాడు, ఇప్పుడు మందులు వాడుతున్నాడు, టెక్కలిలో చిన్న ఉద్యోగానికి రోజూ రైల్లో వెళ్లొస్తున్నాడు.